కవరు ఇంటికి తెచ్చుకోండి

క్రైస్తవ ప్రార్థన కూటాల్లో చేతికిచ్చే కానుక కవరును అక్కడే నింపొద్దు. మడిచి బైబిల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. అన్నాలు తిని, పిల్లలు పడుకున్నాక, ఇంటి లెక్కల పుస్తకం పక్కన పెట్టుకుని అప్పుడు దాని మీద పేరు రాయండి. నేను చెప్పదలచింది ఇంతే. మిగతాదంతా అది ఎలా చేయాలో వివరం.

నాది ఒంగోలు. లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతాను. మా బాప్టిస్టు సంఘంలో స్త్రీల సమాజం డబ్బు లెక్కలు కూడా చాలా ఏళ్లుగా నా దగ్గరే ఉన్నాయి. జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కొలతలతో ఆగరు కదా. "అక్కా, పదివేలు విత్తితే లక్ష కోస్తావని ఆ దైవజనులు చెప్పారు, నిజమేనంటావా?" అని అడుగుతారు. అడిగేవాళ్లలో డ్వాక్రా వాయిదా కట్టాల్సినవాళ్లుంటారు. చీమకుర్తి క్వారీలో మొగుడికి పని ఆగిపోయినవాళ్లుంటారు. పొగాకు రేటు పడిపోయి, ఆకు ఆరబెట్టే బ్యారన్ అప్పు నెత్తిన పడ్డవాళ్లుంటారు. వాళ్లకు మిషన్ దగ్గర కూర్చుని చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. నేను బైబిలు కాలేజీలో చదవలేదు. బైబిలు చదవడం వచ్చు, లెక్కలు వచ్చు.

కూటంలో ఏం చేయాలి

పెద్ద కూటాల్లో కానుక పట్టే పద్ధతి ఒకటుంది, గమనించే ఉంటారు. ప్రసంగం అయిపోవస్తుండగా కీబోర్డు మెల్లగా మొదలవుతుంది. "లక్ష రూపాయల విశ్వాసం ఉన్నవాళ్లు ఐదుగురు లేవండి" అంటారు. ఒకరో ఇద్దరో లేస్తారు, చప్పట్లు. తర్వాత యాభైవేలు, పదివేలు, ఐదువేలు. అంకె కిందికి దిగేకొద్దీ లేచేవాళ్లు పెరుగుతారు, కూర్చున్నవాళ్లు తగ్గుతారు. వెయ్యి రూపాయల దగ్గరకు వచ్చేసరికి కూర్చుని ఉన్న మనిషికి తలకొట్టేసినట్టు ఉంటుంది. ఆ సిగ్గుతో ఇచ్చేది కానుకెలా అవుతుంది? ఈ మధ్య స్టేజీ వెనక తెర మీద క్యూఆర్ కోడ్ కూడా పెడుతున్నారు. పర్సులో డబ్బు లేదని తప్పించుకునే దారి కూడా పోయింది.

కాబట్టి కూటానికి బయలుదేరే ముందే ఎంత వేయాలో అనుకుని ఆ నోటు విడిగా, జాకెట్లోనో బైబిల్లోనో పెట్టుకోండి. సంచి పట్టినప్పుడు అదే వేయండి. ఫోను బ్యాగు అడుగున పెట్టి జిప్పు వేయండి. "ఈ క్షణం దాటితే దీవెన దాటిపోతుంది" అనే మాట వినబడితే లేచి మంచినీళ్లకు వెళ్లండి. కూటంలో మంచినీళ్లకు వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు.

దేవుడు ఇప్పుడే మాట్లాడుతుంటే రేపటికి వాయిదా వేయడం అవిశ్వాసం కాదా అని మా తోడికోడలు అడిగింది. పౌలు కొరింథువాళ్లకు రాసిన మొదటి పత్రిక, 16వ అధ్యాయం 2వ వచనం తీసి ఆమెతోనే చదివించాను: "నేను వచ్చినప్పుడు చందా పోగుచేయకుండ ప్రతి ఆదివారమున మీలో ప్రతివాడును తాను వర్ధిల్లిన కొలది తనయొద్ద కొంత సొమ్ము నిలువ చేయవలెను." చూశారా, తాను వచ్చి నిలబడినప్పుడు చందాలు పట్టడం పౌలుకే ఇష్టం లేదు. ముందే, ఇంటి దగ్గర, వారంవారం తీసిపెట్టమన్నాడు. ఆ డబ్బు కూడా తన ఖర్చులకు అడగలేదు, యెరూషలేములో ఉన్న బీద విశ్వాసుల కోసం అడిగాడు. ఇంత పెద్ద అపొస్తలుడు లేనప్పుడు తీసిపెట్టిన కానుకే మేలనుకుంటే, కీబోర్డు మోగుతున్నప్పుడే ఇవ్వాలని మనకెందుకు తొందర?

వచనాన్ని పై నుంచి చదవండి

ఇంటికి వచ్చాక మొదటి పని ప్రసంగంలో చెప్పిన వచనం తీయడం. ఆ ఒక్క వచనం చదివి బైబిలు మూయొద్దు. చేతి కొలత ఒక్కటే తీసుకుని జాకెట్ మొత్తం కత్తిరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అధ్యాయం మొదటి నుంచి చదవండి, వచనం దాటాక ఇంకో పది వచనాలు చదవండి. చదువుతూ మూడు సంగతులు చూసుకోండి. ఎవరు ఎవరితో అంటున్నారు? వినేవాళ్లు ఆ రోజు ఏ స్థితిలో ఉన్నారు? అక్కడ డబ్బు మాట ఉంటే అది చివరికి ఎవరి చేతికి చేరుతోంది?

మన ఇళ్ల గోడల మీద, కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల మీద ఎక్కువగా కనబడేది యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న వచనం. దాని పైన 10వ వచనం ఏమంటుంది? బబులోనులో డెబ్బది సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని తిరిగి తీసుకొస్తానంటుంది. ఇది చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరం. చదువుతున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ పరాయి ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని పై వచనాల్లో ఉంది. ఇంకొక అధ్యాయం వెనక్కి, 28కి వెళ్తే హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. డెబ్బై ఏళ్లెందుకు, రెండేళ్లలో అన్నీ తిరిగొచ్చేస్తాయని అతను దేవాలయంలో జనమందరి ముందు ప్రకటించాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా. ఆ రోజు అక్కడున్నవాళ్లలో ఎక్కువమందికి ఎవరి మాట నచ్చి ఉంటుందో చెప్పనక్కర్లేదు. కానీ యెహోవా పంపకుండానే ఇతను మాట్లాడాడని యిర్మీయా తేల్చేశాడు. వాగ్దాన కార్డు పట్టుకుని "అక్కా, ఈ ఏడాదే మాకు ఇల్లు" అని వచ్చినవాళ్లకు నేను ఈ రెండు అధ్యాయాలూ చదవమంటాను. కొందరికి కోపం వస్తుంది, వాళ్ల జాకెట్లు వేరే షాపుకు వెళ్తాయి. సరే.

ఇక మలాకీ 3:10. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు దేవుడికివ్వడం, అనగానే వినబడేది ఇదే. ఆకాశపు వాకిండ్లు విప్పి, పట్టజాలనంత దీవెన కుమ్మరిస్తానంటాడు దేవుడు. ఆ వాగ్దానాన్ని నేను తక్కువ చేయను. అయితే అదే వచనం మొదటి మాటలు వదిలేస్తారు, "నా మందిరములో ఆహారముండునట్లు." పదవ భాగం తెచ్చి వేయమన్న ఆ మందిరపు నిధి అంటే ధాన్యం, ద్రాక్షారసం, నూనె నిల్వచేసే కొట్లు. వాటి మీద బతకాల్సిన లేవీయులకు, అంటే దేవాలయ సేవ చేసేవాళ్లకు, వాటా అందక, వాళ్లు పొలాల్లోకి పారిపోయారని నెహెమ్యా 13లో ఉంది. నెహెమ్యా చేసిన పని గమనించండి. జనంతో దశమభాగం తెప్పించి ఊరుకోలేదు, నమ్మకస్తులని పేరున్న మనుషుల్ని కొట్ల మీద కాపలా పెట్టి పంచిపెట్టించాడు. ద్వితీయోపదేశకాండము 14 చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. మూడేళ్లకొకసారి ఆ పదవ భాగం ఊళ్లోనే పెట్టి, లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాళ్లు తిని తృప్తిపడేలా చేయాలి.

మలాకీ అధ్యాయంలోనే 5వ వచనం ఒకసారి చూడండి. కూలివాళ్లను, విధవరాళ్లను, తండ్రిలేనివాళ్లను బాధపెట్టేవాళ్ల మీద నేనే సాక్ష్యం చెబుతానంటాడు దేవుడు. పదవ వచనం మీద ప్రసంగాలు చాలా విన్నాను. ఐదో వచనం మీద కూటాల్లో ఒక్కటీ వినలేదు. నా షాపులో హెమ్మింగ్ చేసి, హుక్కులు కుట్టే అమ్మాయి ఉంది. క్రిస్మస్ సీజన్లో రాత్రి పదింటిదాకా నాతో కూర్చుంటుంది. ఆ అమ్మాయి కూలి శనివారం సాయంత్రం చేతిలో పెట్టాకే నేను ఆదివారం కానుక తీస్తాను. బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. ఆ మొఱ్ఱ నా కానుక కంటే ముందు పైకి చేరుతుందని నా నమ్మకం.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్నది జైల్లో ఉన్న పౌలు. దాని పైన రెండు వచనాలు చదివితే ఆకలిగొని ఉండటం కూడా నేర్చుకున్నానంటాడు. మూడవ యోహాను పత్రికలో "అన్ని విషయములలోను వర్ధిల్లుచు" అన్నది గాయు అనే స్నేహితుడికి ఉత్తరం మొదట్లో రాసిన శుభాకాంక్ష. మనం ఉత్తరాల్లో "మీరంతా క్షేమమని తలుస్తాను" అని రాయమా? వీటిని ఇంతకంటే సాగదీయక్కర్లేదు.

కానీ బీద విధవరాలి రెండు కాసుల దగ్గర మాత్రం ఆగాలి. ఉన్నదంతా ఇచ్చేయమని మనలాంటి ఆడవాళ్లకు చెప్పడానికి ఎక్కువగా వాడేది ఆమె కథే. మార్కు 12:41 నుంచి మొదలుపెట్టి చదువుతారు. 40 నుంచి మొదలుపెట్టండి. విధవరాళ్ల ఇళ్లు దిగమింగుతూ, మాయవేషంగా దీర్ఘప్రార్థనలు చేసే శాస్త్రుల (ధర్మశాస్త్రం బోధించేవాళ్ల) గురించి జాగ్రత్తపడమని యేసు చెప్పి ముగించిన వెంటనే ఈ విధవరాలు వచ్చి తన జీవనమంతా పెట్టెలో వేస్తుంది. తర్వాతి అధ్యాయం మొదట్లోనే, రాతి మీద రాయి నిలవకుండా ఈ దేవాలయం పడిపోతుందని ఆయన అంటాడు. యేసు ఆమె మనసును మెచ్చుకున్నాడు, అందులో అనుమానం లేదు. ఆమెకు రెండు కాసులు తప్ప ఏమీ మిగలని పరిస్థితిని కూడా మెచ్చుకున్నాడా? మార్కు ఆ మూడూ పక్కపక్కనే రాశాడు. నాకైతే అది ఊరికే జరిగినట్టు అనిపించదు.

లెక్కల పుస్తకం

ఇప్పుడు పుస్తకం తీయండి. నెల మొత్తం షాపుకు పద్దెనిమిది వేలు వచ్చిందనుకుందాం. లైనింగ్, దారం, ఫాల్స్, హుక్కులు 3,200. షాపు అద్దె 3,000. కరెంటు 600. హెల్పరు కూలి 3,500. మిగిలింది 7,700. పదో వంతు దేని మీద తీయాలి, పద్దెనిమిది వేల మీదా, ఏడువేల ఏడువందల మీదా? పాస్టర్లలోనే దీని మీద ఒక మాట లేదు. బైబిల్లో దశమభాగం పంట మీద, మందల మీద లెక్క. టైలరమ్మకు ఎంతో అందులో రాసి లేదు. నా పద్ధతి మిగిలిన దాని మీద తీయడం. లైనింగ్ గుడ్డ కొట్టువాడి డబ్బును నా ఆదాయమని దేవుడికి చూపించడం నాకు సబబనిపించదు. 770 వస్తుంది. సీజన్లో ఎక్కువ, ఆషాఢంలో బాగా తక్కువ. నెలజీతం లేని ఇంట్లో శాతమే మేలు, ఇంత అని అంకె కట్టుకుంటే ఖాళీ నెలల్లో అప్పు చేసి కానుకివ్వాల్సి వస్తుంది.

ఆ కానుక తీసే ముందు, ఇంట్లో ఏది మనది కాదో గీత గీసి పక్కన పెట్టండి. డ్వాక్రా వాయిదా గ్రూపులో పదిమందిది. మీరు కట్టకపోతే మీ పక్కింటామెకు వచ్చే లోను ఆగుతుంది. చీటీ పాట పాడుకుని తెచ్చిన డబ్బు కూడా అంతే, నెలనెలా తిరిగి కట్టాల్సిందే. బంగారం తాకట్టు పెట్టి తెచ్చింది, వడ్డీకి తెచ్చింది ఏదీ కానుక కాదు. అది ఇంకొకరి సొమ్ము దేవుడికివ్వడం. పౌలు రెండో కొరింథు పత్రిక 8:12లో "శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే" అన్నాడు. కలిమి కొలది అంటే ఉన్నంతలో, తెచ్చినంతలో కాదు.

అత్తమామల మందులు, అమ్మానాన్నల ఆపరేషన్లు ఇంకో గీత. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ, అత్తగారి కంటి శుక్లాల ఆపరేషన్ కోసం దాచిన డబ్బు ఒక ఉపవాస కూటంలో పెట్టేసింది. అత్తగారికి చూపు దేవుడే ఇస్తాడని చెప్పారట. ముసలావిడ గుమ్మం తడుముకుంటూ బయటికొచ్చి కూర్చుంటోంది. ఇంట్లో పెద్ద గొడవ. ఇలాంటిదాని గురించి యేసు మార్కు 7లో సూటిగా మాట్లాడాడు. నా వల్ల నీకు రావలసింది కొర్బాను, అంటే దేవార్పితం అని చెప్పి, తల్లికీ తండ్రికీ ఏమీ చేయనివ్వని ఆచారాన్ని పట్టుకుని, మీరు దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారన్నాడు. కాబట్టి పెద్దవాళ్ల మందుల డబ్బు ముట్టుకోవాల్సి వచ్చే కానుక ఏదైనా సరే, వద్దు. ఆవిడకు కూడా అదే చెప్పాను. తర్వాత మేం నలుగురం కలిసి ముసలావిడను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం, ఆపరేషన్ అయింది.

అలా తీసిన కానుకను మూడుగా విడదీయడం నాకు కుదిరింది. పెద్ద భాగం మా సంఘానికి, పాస్టరు అయ్యగారి జీతం, కరెంటు బిల్లు అక్కడి నుంచే నడవాలి కాబట్టి. ఇంకో భాగం ఎవరి ఇంట్లో కష్టమొచ్చినా చేతికివ్వడానికి, రసీదు లేకుండా, పేరు లేకుండా. కొంచెం పొరుగు ప్రాంతాల్లో సేవ చేసేవాళ్లకు. బయటివాళ్లకు పంపేటప్పుడు మాత్రం రిజిస్టరైన ట్రస్టో సొసైటీనో, రసీదు ఇస్తారో లేదో అడుగుతాను. అడిగితే నొచ్చుకునేవాళ్లకు పంపను.

డబ్బు చేతిలో ఆడని ఇళ్లకు పిడికెడు బియ్యం ఉండనే ఉంది. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తీసుకురావడం. ఇదేం చిన్న పని కాదు. మిజోరంలో 1910లో మొదలైన పిడికెడు బియ్యం కానుకతో అక్కడి సంఘాలు ఈ రోజుకీ సువార్తికులను పంపిస్తున్నాయి. మాకు వచ్చిన బియ్యం కొంత అవసరమైన ఇళ్లకు వెళ్తుంది, మిగతాది వేలం వేస్తాం. సన్నాలు, రేషన్ బియ్యం కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఇడ్లీ పిండికి పనికొస్తాయని ఎగబడి పాడతారు.

దీవెన అడగొచ్చా?

అడగొచ్చు. ఇల్లు కావాలని, పిల్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలని, షాపు నడవాలని నేనూ ప్రార్థన చేస్తాను. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని యేసే నేర్పాడు. డబ్బు మాట ఎత్తితే మొహం చిట్లించే భక్తి నాకు పడదు. తరతరాలుగా మా వాడల్లో జనానికి, లేమి మీ తలరాత, ఓర్చుకోండి అని అందరూ చెప్పినవాళ్లే. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి స్టేజీ మీద నుంచి ఒకాయన, నువ్వు తోకవు కాదు తలవు అంటే ఎందుకు ఎక్కదు? అందుకే దీవెన కూటాలకు పరిగెత్తేవాళ్లను నేను నవ్వను. వాళ్ల ఆశ తప్పు కాదు, దానికి రేటు కట్టేవాళ్ల దగ్గరే నా తగాదా.

ఈ "విత్తన కానుక" లెక్క మన పొలాల్లో పుట్టింది కూడా కాదు. అమెరికాలో ఒక్లహోమా రాష్ట్రం టల్సా నగరంలో ఉండే ఓరల్ రాబర్ట్స్ అనే ప్రసంగీకుడు 1970 ప్రాంతంలో దీన్ని పుస్తకంగా రాసి, టీవీలో ప్రచారం చేశారు. అక్కడి నుంచి చుట్టూ తిరిగి మన మైదానాలకొచ్చింది. పౌలు కూడా విత్తడం గురించి రాశాడు, కాదనను. రెండో కొరింథు 9లో "సమృద్ధిగా విత్తువాడు సమృద్ధిగా పంటకోయును" అన్న వెంటనే, సణుగుకోకుండా, బలవంతంగా కాకుండా, ప్రతివాడూ తన హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలన్నాడు. పంట ఎందుకో కూడా చెప్పాడు, ప్రతి మంచి పనికీ మీ దగ్గర సమృద్ధి ఉండటానికట.

మా ఊరి చరిత్రే ఒకటి చెప్పాలి. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర గురించి ఇక్కడి బాప్టిస్టు ఇళ్లలో తెలియనివాళ్లుండరు. 1876–78 కరువులో జనం ఎండుటాకుల్లా రాలిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. సహాయం పంపిణీ నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం ఎవరూ నమ్మకం ఒప్పుకోకూడదని. సహాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆకలితో ఉన్నవాడికి కూలి ఇచ్చేటప్పుడు విశ్వాసం అడగలేదు, విశ్వాసం అడిగేటప్పుడు ఏమీ ఇస్తాననలేదు. మనకు తెలిసిన సంఘాల పునాది అది. ఇవాళ అదే నేల మీద పదివేలకు లక్ష అని మైకులో వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రాకపోతే ఏమంటారో దానికి సిద్ధపడండి

ఇచ్చారు, రాలేదు. అడిగితే "నీ విశ్వాసం చాలలేదు, దాచుకున్న పాపమేదో ఉంది" అంటారు. ఈ మాట అప్పు కంటే ఎక్కువగా కుంగదీస్తుంది. బైబిల్లో ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితులు కూడా అచ్చం ఇదే అన్నారు. యోబు గ్రంథం 42:7లో దేవుడు, మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదని వాళ్లనే మందలించాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదన్నాడు యేసు. పౌలు తన జట్టులోని త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చానని రాశాడు. తిమోతి కడుపునొప్పికి మందులాగా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. వీళ్లందరికీ విశ్వాసం చాలలేదా? షుగరు బిళ్లలు, ఇన్సులిన్, బీపీ మందు ఏ ప్రార్థన తర్వాతా డాక్టరు చెప్పకుండా ఆపకండి. ఆపమన్నవాడు ఎంత పెద్ద దైవజనుడైనా సరే.

సాక్ష్యాలు వినేటప్పుడు ఒక కిటుకు. బాగుపడ్డామని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని అనుకోవక్కర్లేదు. మధ్యలో ఏం జరిగిందో మెల్లగా అడగండి. "స్థలం కొన్నాం, రేటు మూడింతలైంది" అంటే, బైపాస్ రోడ్డు ఎప్పుడు పడిందో అడగండి. కానుక ఇవ్వని పక్క స్థలంవాడికీ అదే రేటు వచ్చి ఉంటుంది. దేవుడు చెడ్డవాళ్ల మీదా మంచివాళ్ల మీదా సూర్యుణ్ణి ఉదయింపజేస్తాడు కదా. ఇంకొకటి, మైకు దగ్గరకు పిలిచేది డబ్బు కలిసొచ్చినవాళ్లనే. ఇచ్చి నష్టపోయినవాళ్లు వెనక వరుసలో ఉంటారు, లేదా కూటాలకే రావడం మానేస్తారు. వాళ్లు నా షాపులో మాట్లాడతారు.

నిజంగానే డబ్బు వస్తే

అది కూడా జరుగుతుంది. హైదరాబాద్‌లో కొడుక్కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికా ప్రయాణం, ఊళ్లో డాబా. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్ యువకుడొకరి లెక్క చెబుతారు. అది ఆయన లెక్కేనని అందరూ అనుకుంటారు. మొదటి ఏడు 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చాడు. మరుసటి ఏడు 60 వస్తే మళ్లీ 28తోనే బతికి 32 ఇచ్చాడు. 90 వచ్చినప్పుడూ, 120 వచ్చినప్పుడూ తన ఖర్చు ఆ 28 పౌండ్లే. మనం అంత పట్టు పట్టలేం, పిల్లల చదువులున్నాయి. కానీ జీతం పెరిగిన నెలలోనే ఖర్చు ఎంత పెంచాలో, ఇవ్వడం ఎంత పెంచాలో రెండూ ఒకే కాగితం మీద రాసుకోవచ్చు. మా పిల్లాడికి మొదటి జీతం వచ్చినప్పుడు అలాగే రాయించాను. మొదట ప్రథమ ఫలం కింద మొత్తం జీతం ఏదో మినిస్ట్రీకి పంపుతానన్నాడు. హాస్టల్ అడ్వాన్సు ఎవరు కడతారురా అని అడిగాను.

సంఘ కమిటీలో ఉన్నవాళ్లకు

ఇచ్చేవాళ్లకు ఇన్ని చెప్పి తీసుకునేవాళ్లను వదిలేస్తే ఎలా? యెరూషలేము చందా తీసుకెళ్లేటప్పుడు పౌలు ఒక్కడే వెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని కూడా వెంట పంపించాడు, తన మీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్త పడుతున్నానని రెండో కొరింథు 8:20లో రాశాడు. పౌలుకే అంత జాగ్రత్త ఉంటే మనకెంత ఉండాలి.

సంచిలోని డబ్బు ఒక్కరు లెక్కపెట్టకూడదు. ఆరాధన కాగానే ఇద్దరు, ఒకే ఇంటివాళ్లు కాకుండా, బల్ల మీద పోసి లెక్కపెట్టి, రిజిస్టరులో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాకే ఉండాలి, పాస్టరు గారి సొంత నంబరుకు కాదు. ఆయన ఎంత మంచివారైనా సరే, ఆయన మంచి కోసమే. ఎవరెవరు ఎంతిచ్చారో పేర్లు చదవడం మా దగ్గర మానేశాం, మొత్తం మాత్రమే చదువుతాం. మొదట్లో ఇద్దరు ముగ్గురు పెద్దలకు నచ్చలేదు, ఒకాయన కానుకే తగ్గించేశారు.

మూడు నెలలకొకసారి స్త్రీల సమాజం లెక్కలు పైకి చదివి వినిపిస్తాం. ఎంత వచ్చింది, ఏ ఇంటికి ఎన్ని కేజీల బియ్యం వెళ్లింది, బ్యాంకులో ఎంతుంది, అన్నీ. ఎవరైనా ఏదైనా అడగొచ్చు. చదువు రాని ఒక పెద్దమ్మ ప్రతిసారీ గ్యాసు బండల లెక్క దగ్గర నన్ను ఆపుతుంది, "పోయిన క్రిస్మస్ విందుకి రెండే కదే వాడింది, మూడెందుకు రాశావ్?" అని. బిల్లు తీసి చూపించాల్సిందే. లెక్కల రోజున టీ, సమోసాలు పెడతాం. లేకపోతే ఆ పెద్దమ్మా నేనూ తప్ప చివరిదాకా ఎవరూ కూర్చోరు.